బోరు నీళ్లు తాగిన కారు

మా కారు పొంగిన ప్రతిసారీ ఎక్కడి నుంచో నలుగురు మగవాళ్లు వస్తారు. దేవరకొండ రోడ్డు మీద, కిలోమీటరు అటూ ఇటూ పత్తి చేలు తప్ప ఇంకేమీ లేని చోట కూడా, బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచిన రెండు నిమిషాలకు నలుగురూ హాజరు. ఆవిరిని చూసి వస్తారో, స్టీరింగ్ వెనకాల ఆడపిల్లను చూసి వస్తారో ఇప్పటికీ నాకు తేలలేదు. మొదటాయన "నీళ్లు అయిపోయినయ్" అంటాడు. రెండో ఆయన "ఇంజన్ పోయింది" అంటాడు. మూడో ఆయన "అమ్మెయ్ చెల్లె, ఎందుకీ తిప్పలు" అంటాడు. నాలుగో ఆయన ఏమీ అనడు, ఫోన్‌లో వీడియో తీసుకుంటాడు. నలుగురిలో నాకు ఆయనే నయం.

ఆ ఎండాకాలం అవ్వను నల్గొండ దవాఖానలో చూపించి తీసుకొస్తుంటే మళ్లీ అలాగే పొంగింది. అవ్వ అంటే మా బాపు తల్లి. ముందు సీట్లో కాళ్లు బారజాపుకుని కూర్చుంది. బండి పక్కకు ఆపాను. నలుగురూ వచ్చారు. అందులో ఒకాయన భుజం మీది తువ్వాల చేతికి చుట్టుకుని రేడియేటర్ మూత మీద చెయ్యి వేశాడు.

"తియ్యకన్నా, కాల్తది," అన్నాను.

"మాకు తెల్వదా చెల్లె."

మరు నిమిషంలో తెలిసింది. మూత ఎగిరి ముళ్ల కంపల్లో పడింది. పసుప్పచ్చని నీళ్లు మనిషెత్తు లేచాయి. దాంతోపాటు పప్పుచారు వాసన కూడా. ఆ వాసన సంగతి తర్వాత చెప్తాను. కాలిన చేతి మీద పోసుకొమ్మని నా మంచినీళ్ల సీసా ఇస్తే ఆయన సగం పోసుకుని, సగం తాగి, "నేను ముందే అనుకున్న" అన్నాడు.

మా అక్కను తోలుకుని షాద్‌నగర్ నుంచి మా ఇంటికి వచ్చి ఉన్నాడు బావ. ఆయనకు ఫోన్ చేయక తప్పలేదు. బావకు ఒక కంపెనీలో ఉద్యోగం, ఒక కొత్త కారు, ఆ కారు సీట్లకు ఇంకా తీయని ప్లాస్టిక్ కవర్లు ఉన్నాయి. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని దిగాడు. ఆవిరి వైపు చూశాడు.

"ఏం మరదలా, ఇడ్లీలు అయినయా?"

"ఎప్పుడో అయినయ్ బావా. చట్నీ నువ్వు తెస్తవని ఆగిన."

అంతవరకు బాగానే ఉంది. అవ్వను ఆ కారులోకి ఎక్కించాల్సి వచ్చినప్పుడే మా ఇద్దరి జోకులూ అయిపోయాయి.

అవ్వ మోకాళ్లు వంగవు. మా ఊళ్లో ఆమె ఈడువాళ్లలో చాలామందికి వంగవు. ఏళ్ల తరబడి ఆ భూమిలోంచి తోడిన నీళ్లు తాగితే అందులోని ఫ్లోరైడ్ ముందు పళ్లను, తర్వాత ఎముకలను పట్టుకుంటుంది. దీని మీద మా ఊరికొచ్చి చాలామంది చాలా ఉపన్యాసాలు ఇచ్చారు. నేను ఇవ్వను. అవ్వ ఉపన్యాసమైతే ఒక్క ముక్కే: "కాళ్లున్నయ్, మడతలు లేవు."

మా కారులో ముందు సీటు కింద పట్టాలు ఎప్పుడో విరిగాయి. ఆ సీటును వెనక్కి నెడితే వెనక సీటుకు తగిలేదాకా పోతుంది. మెకానిక్ భాషలో అది రిపేరు. మా ఇంట్లో అది అవ్వ కుర్చీ. కాళ్లు రెండూ నిటారుగా చాపుకుని రాణిలా కూర్చుంటుంది. బావ కొత్త కారులో ఏదీ విరగలేదు కాబట్టి ముందు సీట్లో ఆమె పట్టలేదు. వెనక సీట్లో అడ్డంగా, వీపు ఒక తలుపుకు, పాదాలు ఇంకో తలుపుకు ఆనించి, చుట్టిన చాపను పెట్టినట్టు పెట్టాం. తలుపు వేస్తుంటే మడమకు తగిలింది. బావ పాపం గుడ్లబండి నడిపినట్టు మెల్లగా నడిపాడు. అయినా ఇంటి దగ్గర ఆమెను బయటికి తీయడానికి ముగ్గురం కావలసి వచ్చింది. మంచం మీద కూర్చున్నాక అంది:

"ఇగ నేనెటూ రాను. నన్ను యాడికీ తీస్కపోకుండ్రి."

ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. అందరూ కారు గురించి మాట్లాడుతున్నారు.

"ఇగ చాలు బిడ్డా," అన్నాడు బాపు. "తుక్కాయనతోని మాట్లాడిన. సోమవారం వచ్చి గుంజుకపోతడు."

"మరి అవ్వ?"

"నా బండి లేదా?" అన్నాడు బావ.

"ఉన్నది బావా. మనిషిని మడత పెట్టి తెస్తే నీ బండి మస్తుంటది."

నాకు కారు మీద పెద్ద ప్రేమేమీ లేదు. రాష్ట్రం వచ్చిన ఏడు బాపు దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. కాగితాల్లో దాని రంగు తెలుపు. హారన్ తప్ప అన్నీ మోగుతాయి. కానీ ఆ సీటు పోతే అవ్వ మిగిలిన బతుకంతా ఆ మంచం నుంచి ఆ గడప దాకానే అని నాకు అర్థమైంది. అందరూ ఇంత నెమ్మదిగా, ఇంత మంచితనంతో ఒప్పేసుకుంటున్నారు చూడండి, అది చూస్తే ఒళ్లు మండింది. గొడవపడి ఒప్పుకుంటే అంత మండేది కాదు.

"ఐతారం అవ్వను గుట్టకు తీస్కపోత," అన్నాను. యాదగిరిగుట్ట నరసింహస్వామికి అవ్వ మొక్కు మూడేళ్లుగా అలాగే ఉంది. "పొంగకుండ కొండెక్కి దిగొస్తే బండి ఉంటది. పొంగిందా, ఆణ్నే తుక్కాయనను పిలిచి నేనే తాళాలిస్త."

బాపు ఒప్పుకున్నాడు, ఎలాగూ నేనే ఓడతానని. బావ "నేను ఎన్కనే వస్త. తాడు గూడ పట్టుకొస్త" అన్నాడు. అవ్వ మంచం మీది నుంచి "నేను రానన్న గద" అంది.

గురువారం పొద్దున్నే చల్లటి పూట, నీళ్లు పోసి ఇంటికి తెచ్చుకున్న అదే కారులో, నాలుగు చోట్ల ఆగుకుంటూ, బాపును వెంటబెట్టుకుని నల్గొండలో రేడియేటర్లు బాగుచేసే ముసలాయన దగ్గరికి పోయాను. అందరూ చాచా అంటారు, నేనూ అన్నాను. ఆయన కింద తొట్టి పెట్టి రేడియేటర్ నీళ్లు వదిలాడు. వేలు ముంచి వాసన చూశాడు.

"హల్దీ ఎవరు ఏసిన్రు?"

బాపు రోడ్డు మీద పోతున్న ఆటోను చాలా శ్రద్ధగా చూడడం మొదలుపెట్టాడు. ఎవరో లారీ డ్రైవర్ చెప్పాడట, పసుపు వేస్తే చిన్న చిన్న చిల్లులు పూడిపోతాయని. పూడిపోయాయి. వాటితోపాటు పూడకూడనివి కూడా. పప్పుచారు వాసన సంగతి ఇదే.

"మంచిగ చారు పెట్టిన్రు," అన్నాడు చాచా. "పోపు ఒక్కటే తక్కువ."

తర్వాత రేడియేటర్‌ను ఊడదీసి పై మూకుడు విప్పి వెలుతురుకు పెట్టాడు. లోపల వేడి నీళ్లు పారి చల్లబడాల్సిన సన్నటి గొట్టాలు వరుసగా ఉన్నాయి. సగం గొట్టాల నోళ్లు తెల్లగా మూసుకుపోయి ఉన్నాయి. ఇనప చువ్వతో గీకితే పెచ్చులు రాలాయి. మా ఇంట్లో నీళ్లు కాగబెట్టే బిందె అడుగున ఉండే పెచ్చులే.

"ఏం నీళ్లు పోస్తరు సాబ్?"

"మా బోరువి," అన్నాడు బాపు. ఆ మాట అనేటప్పుడు ఇప్పటికీ ఆయన ఛాతీ కొంచెం ముందుకొస్తుంది.

దానికొక కథ ఉంది. మా బత్తాయి తోట ఎండిపోతున్న ఏడు బాపు మూడు బోర్లు వేయించాడు, మూడూ దుమ్మే. నాలుగోది పడింది. ఆ నీళ్లు పైకి ఎగిరినప్పుడు బాపు తడుస్తూ నిలబడ్డాడని అమ్మ చెప్తుంది. అప్పటి నుంచి మాకు ఆ బోరు ఇంట్లో మూడో సంతానం, చదువులో మా ఇద్దరికంటే మెరుగు. తర్వాత ఊరికి నల్లా నీళ్లు వచ్చాయి. బోరు నీళ్లు తాగడం ఊరంతా మానేసింది, మా కారు తప్ప. పొద్దున లేవగానే బాపు చెంబుతో బోరు నీళ్లు తెచ్చి, తులసికోటకు పోసినంత భక్తిగా రేడియేటర్‌లో పోసేవాడు. మనం తాగని నీళ్లు దానికెందుకని ఒకసారి అడిగాను. "దానికేమన్న బొక్కలున్నయా, వంకర పోనీకె?" అన్నాడు. బొక్కలంటే మా దిక్కు ఎముకలు.

అదే మాట చాచాతో కూడా అన్నాడు. చాచా ఆ గొట్టాల వరుసను బాపు ముందుకు జరిపాడు.

"ఎందుకు లేవు సాబ్. ఇగో, గివే."

ఇలాంటి చోట ఎవరో ఒకరు గుండె బరువెక్కే మాట ఒకటి అనాలి. ముగ్గురం ఉన్నాం. చాచా మూడు చాయ్‌లు చెప్పాడు.

కొత్త రేడియేటర్ హైదరాబాద్ నుంచి రావాలంటే మంగళవారం అవుతుందన్నాడు. నాకున్నది ఆదివారం దాకానే. అయితే ఒక పని చేస్తానన్నాడు. తెరుచుకునే గొట్టాలను చువ్వతో పొడిచి తెరుస్తాడు, కారుతున్న వాటిని సీసంతో మాటు పెట్టి మూసేస్తాడు. పగిలిన రబ్బరు పైపు మారుస్తాడు, కొత్త మూత వేస్తాడు. కూలెంటును బ్యాటరీల్లో పోసే శుద్ధమైన నీళ్లతో కలిపి నింపుతాడు.

"సాఫ్ రోడ్డు మీద ఫికర్ లేదు బేటా. గుట్ట ఎక్కేటప్పుడే గరం అయితది. గర్మీ చూపెట్టే ముల్లు సగం దాటిందా, ఏసీ బంద్, హీటర్ ఫుల్."

"హీటరా? గీ ఎండలనా చాచా?"

"హీటర్ అంటే లోపల పొయ్యి ఉంటదనుకున్నవా? అది ఇంకో చిన్న రేడియేటరే. ఇంజన్‌ల ఉన్న గర్మీని గుంజి మీ మీదికి ఊదుతది. మీరు ఓర్చుకుంటరా, ఇంజన్ ఓర్చుకోవాల్నా, సోచాయించుకో."

మేం బయల్దేరుతుంటే బాపుకు వేలు చూపించాడు. "బోరు నీళ్లు ఒక్క చుక్క పోసినా నా దుకాణం మెట్లెక్కకు సాబ్."

తిరిగి వస్తుంటే బాపు నార్కట్‌పల్లి వైపు పోయే బస్సుల్ని లెక్కపెడుతున్నట్టు కూర్చున్నాడు. ఊరి దగ్గరికి వచ్చాక అన్నాడు, "మంచి చేస్తున్నననే అనుకున్న."

"చేసినవ్ బాపూ. ఒక్క రోజు గూడ యాది మర్వకుండ."

నేను జోకే వేశాను. ఆయన నవ్వలేదు. ఇంటికి రాగానే నవారు మంచం మీద ఉన్న అవ్వకు వినబడేటట్టే అమ్మతో చెప్పాడు, "రేడియేటరే గట్లుంటే లోపల ఇంజన్ ఎట్లున్నదో. నీళ్లకు కరాబైంది అది. ఉంచి ఏం ఫాయిదా? తుక్కుకే."

అవ్వ ఆకు నములుతూ వింది. పక్కకు తిరిగి ఉమ్మేసింది.

"నీళ్లకు కరాబైనయన్నీ తుక్కుకేస్తవారా కొడకా? మరి నన్నెప్పుడేస్తవ్? సోమవారమే ఎయ్యి. ఇద్దరం ఒక్క బండిలనే పోతం."

బాపు లేచి తోటకు పోయాడు. తోటలో ఆ పూట పనేమీ లేదు.

"ఐతారం ఎన్ని గంటలకే పోవుడు?" అని అవ్వ నన్ను అడిగింది.

ఆదివారం తెల్లవారగానే బయల్దేరాం. అవ్వ తన సీట్లో, కాళ్లు చాపుకుని. నా వెనకాల బాపు, ఒళ్లో అయిదు లీటర్ల శుద్ధి నీళ్ల డబ్బా, పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులతో. వెనక కారులో బావ, అక్క, తాడు. నల్గొండ దాటాం, నార్కట్‌పల్లి దాటాం. చిట్యాలలో ఇడ్లీ తిన్నాం. బావ రెండు ప్లేట్లు చెప్పి, "ఇవి ప్లేట్ల ఉన్నయ్, బానెట్ల లేవు, గమ్మతుగున్నది" అన్నాడు. ముల్లు సగానికి కింద ఉంది. దాన్ని నేను పరీక్ష ఫలితాలు చూసినట్టు చూస్తున్నాను.

భువనగిరి దాటాక ఎండ ఎక్కింది. గుట్ట దగ్గరికి వచ్చేసరికి ఆదివారపు రద్దీ. కొండ ఎక్కే దారిలో కార్లన్నీ ఒకదాని తోక ఒకటి పట్టుకుని కదులుతున్నాయి. పది అడుగులు పోవడం, ఆగడం. ఎదురుగాలి లేదు. బండి బరువంతా ఏటవాలు మీద. ముల్లు సగం దాటింది.

అద్దాలన్నీ దించేసి హీటర్ పూర్తిగా తిప్పాను.

ఆ గాలి ఎలా ఉంటుందో చెప్పాలంటే ఇటుక బట్టీలో తల పెట్టి, పైన దుప్పటి కప్పుకోవాలి. బాపు రెండు నిమిషాలు ఓర్చుకున్నాడు.

"పాణం పోతాంది బిడ్డా, బంద్ చెయ్."

"జర ఓర్సుకో బాపూ. ఇన్నేండ్లు బోరు నీళ్లు ఓర్సుకున్నదది."

ఫోన్ మోగింది. బావ. "అద్దాలెందుకు దించిన్రు? ఏసీ లేదా?"

"హీటర్ పెట్టినం బావా."

"మరదలా, నీకు ఎండదెబ్బ గిట్ల తాకిందా?"

బండి మళ్లీ ఆగింది. ఎక్కడి నుంచో నలుగురు వచ్చారు. కొండ మీద కూడా. నడిచి ఎక్కుతున్న భక్తులు అనుకుంటాను. ఒకాయన కిటికీలోంచి ముఖం పెట్టి, వేడి గాలి తగిలి వెనక్కి జరిగి, "ఇంజన్ గరం అయితాంది చెల్లె, నీళ్లు లేనట్టున్నయ్" అన్నాడు. నాకంటే ముందు అవ్వ అందుకుంది.

"నీళ్లున్నయ్ బిడ్డా. ఇంజన్ గూడ ఉన్నది. బండి మేం అమ్మం. ఇగ నడువుండ్రి."

మూడు సలహాలకూ ఒకేసారి జవాబు. వాళ్లు నిజంగానే నడిచారు. ఫోన్ ఎత్తిన నాలుగో ఆయన్ని మాత్రం, "నువ్వు తీస్కో" అని ఆపింది.

ముల్లు ఇంకా ఎక్కుతోంది. ఎర్ర గీతకు వేలెడు దూరం. ఇంకొక్క మలుపు. చెమట కళ్లలోకి దిగి ఎర్ర గీత రెండుగా కనబడుతోంది. అవ్వ వైపు చూశాను. తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకుంది. కదలడం లేదు. పందెం కోసం డెబ్బై అయిదేళ్ల మనిషిని ఉడకబెట్టాననుకున్నాను.

"అవ్వా! అవ్వా!"

"ఏందే, గట్ల మొత్తుకుంటవ్?"

"మంచిగున్నవా?"

కళ్లు తెరవకుండానే అడిగింది. "గీ మిషిని దీంట్ల ఎప్పటి సంది ఉన్నది?"

"ఏ మిషిని?"

"గీ కాపడం మిషిని."

హీటర్ గాలంతా ఆమె కాళ్ల దగ్గరికి వస్తోంది. అవ్వ చీర కుచ్చెళ్లు కొంచెం పైకి జరుపుకుని, ఆ వంగని మోకాళ్లు రెండూ నేరుగా గాలికి పెట్టుకుని కూర్చుంది.

"ఇన్నేండ్ల సంది నేను ఉప్పు మూటలు కాగబెట్టుకుంట సస్తుంటే, ఇంట్ల ఇదొకటుందని ఎవ్వరన్న చెప్పిన్రా? ఇంకింత పెంచు."

"గింతే అవ్వా, ఇగ పెరగది."

ముందు కారు కదిలింది. మలుపు తిరిగాం. పైన చదును. చిన్నగా గాలి తగిలింది. ముల్లు ఆగింది. దిగలేదు. ఆగింది. అంతకంటే ఎక్కువ నేనూ అడగలేదు.

అవ్వను చక్రాల కుర్చీలో దర్శనానికి తీసుకుపోయి తెచ్చాక, బండ్లకు పూజలు చేసే చోటికి పోదామంది. అక్కడ రిబ్బన్లు కట్టిన కొత్త కార్లు వరుసగా ఉన్నాయి. వాటి మధ్యలో మాది పెట్టాను. అయ్యగారు పళ్లెం పట్టుకుని వచ్చి అటూ ఇటూ చూశారు.

"కొత్త బండి ఏదమ్మా?"

"ఇదే," అంది అవ్వ.

అయ్యగారు కారును చూశారు, నన్ను చూశారు. మా మొహాలు మూడూ హీటర్‌కు ఎర్రగా కాలి ఉన్నాయి. ఏమనుకున్నారో, బానెట్ మీద కుంకుమతో స్వస్తిక్ వేశారు. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు చల్లితే బానెట్ చుయ్‌మంది. అయ్యగారు ఒక అడుగు వెనక్కి వేశారు. బావ పడి పడి నవ్వాడు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి వాటిని తొక్కిస్తూ బండి కదిపాను. దిగేటప్పుడు ముల్లు సగానికి వచ్చింది. ఇల్లు చేరేదాకా ఒక్కసారి కూడా పొంగలేదు. బావ డిక్కీలో తాడు విప్పకుండానే షాద్‌నగర్ పోయింది.

సోమవారం పొద్దున బాపు అలవాటు కొద్దీ చెంబుతో బోరు నీళ్లు తెచ్చాడు. కారు ముందర కాసేపు నిలబడ్డాడు. వెనక్కి పోయి ఆ నీళ్లు సొరపాదుకు పోసి, శుద్ధి నీళ్ల డబ్బా పట్టుకుని వచ్చాడు. ఇంజన్ చల్లగానే ఉంది కదా అని మూత తీసి చూశాడు. నీళ్లు అంగుళం కూడా తగ్గలేదు. తగ్గనందుకు కొంచెం నిరాశపడ్డట్టు కనిపించాడు.

ఆ తర్వాత గంటకు తుక్కాయన ట్రాలీ తీసుకుని వచ్చాడు. ఆయనకు రావద్దని చెప్పడం మేమందరం మర్చిపోయాం.

"ఏ బండి?" అన్నాడు బాపు. "మాకాడ తుక్కు బండి లేదు."

తుక్కాయన మా కారును ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు చూశాడు. ఇంజన్ నడుస్తోంది. అద్దాలన్నీ దించి ఉన్నాయి. ముందు సీట్లో అవ్వ కాళ్లు చాపుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది. ఎండ అప్పటికే సుర్రుమంటోంది.

"మరి ఆ పెద్దమ్మ యాడికి పోతాంది?"

"యాడికీ పోతలేదు," అన్నాను. "కాపడం పెట్టుకుంటాంది. అయినంక సంతకు పోతం."